ఒక్క స్వరం పలికే పెట్టె

మా తమ్ముడి కూతురు మెర్సీ ఫ్యాను ఆపించేటప్పటికి ఎండ ఇంకా ఉదయగిరి కొండ మీదే ఉంది, వీధిలోకి దిగలేదు. కిటికీ తలుపులు కూడా మూయించింది. గదిలో ముగ్గురమే. మంచం మీద కాళ్ళు ముడుచుకుని మా పిన్నమ్మ, గడప పక్కన కుర్చీలో నేను, బల్ల ముందు మెర్సీ. బల్ల మీద, చాలా ఏళ్ళ తర్వాత ముసుగు తీసిన మా చిన్నాయన సింథసైజరు. దాని పక్కన మెర్సీ లాప్‌టాప్, రెండింటినీ కలుపుతూ ఒక నల్లటి వైరు. "ఇద్దరూ కాసేపు మాట్లాడొద్దు" అని మెర్సీ సింథసైజరు మెట్లలో అన్నిటికంటే ఎడమవైపున్నది నొక్కి పట్టుకుంది. వట్టి కుండ మూతి మీద ఎవరో మెల్లగా ఊదినట్టు మొదలైంది శబ్దం. మెల్లమెల్లగా నోరు తెరుచుకుని గది మూలలన్నీ నింపింది. దానితోపాటు నాకు వాసన కూడా వచ్చింది: వేడెక్కిన దుమ్ము, గుగ్గిలం, కాగుతున్న పాలు. ఆ గదిలో నిజంగా ఉన్నది వేడెక్కిన దుమ్ము ఒక్కటే. మిగతా రెండూ ఆత్మకూరువి.

మెర్సీ చెన్నైలో రికార్డింగ్ స్టూడియోలకు పనిచేస్తుంది. పాత వాయిద్యాలు ఎక్కడున్నా వెతుక్కుంటూ పోయి, ఒక్కో మెట్టే నొక్కి, దాని గొంతు రికార్డు చేసి కంప్యూటర్లో దాస్తుంది. శాంప్లింగ్ అంటారట. ఆ తర్వాత ఏ మామూలు కీబోర్డు తగిలించి వాయించినా ఆ పాత వాయిద్యమే పలుకుతుంది. చిన్నాయన పోయినప్పటి నుంచి పిన్నమ్మ గదిలో మూలన పడి ఉన్న ఈ పెట్టె సంగతి మెర్సీకి ఈమధ్య గుర్తొచ్చింది. "పూర్తిగా మూగబోకముందే గొంతు తీసుకుందాం అత్తా" అని నెల్లూరులో నన్ను కారెక్కించుకుని వచ్చింది. నేను ఒకట్రెండు పుస్తకాలు రాసి, రిటైరై ఇంట్లో కూర్చున్న తెలుగు లెక్చరర్ని. రమ్మంటే రావడం తప్ప నాకు వేరే పని లేదు.

ఇంటర్ చదవడానికి నేను ఆత్మకూరు పోయి పిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. మా నాయన ఉదయగిరిలో టీచరు. పిన్నమ్మ సుగుణమ్మ మా అమ్మకు చెల్లెలు. ఆమె భర్త దేవదానం చిన్నాయనకు బద్వేలు రోడ్డు మీద, బస్టాండుకు దగ్గర్లో, రేడియోలు బాగుచేసే షాపుండేది. షాపు వెనక రెండు గదులు, ఆ వెనక వంటకని దింపిన రేకుల సావడి. అంతే ఇల్లు. ముందు గదిలో ఎప్పుడూ పొట్టలు విప్పిన రేడియోలు, టేపురికార్డర్లు ఉండేవి. చిన్నాయన సోల్డరింగ్ చేస్తుంటే గుగ్గిలం పొగ సన్నగా లేచి నా పుస్తకాల్లోకి, చీరల్లోకి, పెరుగన్నంలోకి కూడా వచ్చేది. కాలేజీలో పక్కన కూర్చున్న పిల్ల "మీ ఇంట్లో రోజూ సాంబ్రాణి వేస్తారా?" అని అడిగింది. అవునన్నాను. బయట డ్రైవర్లు హారన్లు కొట్టుకునేవాళ్ళు. లోపల ఏదో ఒక రేడియో సగం వాక్యం మాట్లాడి ఆగిపోయేది. ఆ రెండింటి మధ్య నాకు నిద్రొచ్చేది, చదువూ వచ్చేది.

ఒకరోజు సాయంత్రం మద్రాసు నుంచి వచ్చిన చిన్నాయన దుప్పట్లో చుట్టిన ఒక మూటను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని బస్సు దిగాడు. పిన్నమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఏందయ్యా అది? బిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చినావు!"

వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మాట అని పిన్నమ్మే నవ్వింది. చిన్నాయన నవ్వలేదు. మూటను మంచం మీద పెట్టి, జాగ్రత్తగా ముడి విప్పాడు. అటూ ఇటూ కొయ్య పలకలు, నల్లటి రేకు ముఖం, దాని మీద వరసగా తిప్పే మీటలు, కింద హార్మోనియానికి ఉన్నట్టు మెట్లు. మద్రాసులో ఒక స్టూడియోవాళ్ళు కొత్తవి తెచ్చుకుని దీన్ని మూలన పడేశారట. పలకదని తెలిసే తెచ్చుకున్నాడు. సింథసైజరు అన్న పేరు మా ఇంట్లో ఎవరి నోరూ తిరగలేదు. పిన్నమ్మ "పెట్టె" అంది. ఊళ్ళోవాళ్ళు "మద్రాసు పెట్టె" అన్నారు. ఆ వానాకాలమంతా చిన్నాయన దాన్ని విప్పి ముందు పెట్టుకునే కూర్చున్నాడు. షాపుకొచ్చినవాళ్ళు తమ రేడియో ఏమైందని అడిగితే, ఇంకా మెలకువ రాని మనిషిలా తలెత్తి చూసేవాడు.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తుంటే రోడ్డు మీదికి వినపడింది. ఆ శబ్దం దేనిదో తెలియక నేను బస్టాండు దగ్గరే ఆగిపోయాను. వేణువు అనుకుంటే వేణువు కాదు, గొంతు అనుకుంటే అందులో ఊపిరి లేదు. పరిగెత్తి ఇంట్లోకి పోతే చిన్నాయన కళ్ళు మెరుస్తున్నాయి. కాసేపటికే ఆ మెరుపు తగ్గింది. ఆయన రెండు మెట్లు కలిపి నొక్కాడు, ఒకటే పలికింది. మూడు నొక్కాడు, అప్పుడూ ఒకటే. బాగుచెయ్యడంలో ఏదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ విప్పాడు. చివరికి తెలిసిందేమంటే ఆ పెట్టెను తయారుచేసిందే అట్లా. ఒకసారికి ఒక్క స్వరం.

"ఇది ఇంతే పాపా" అన్నాడు నాతో. "ఒకసారికి ఒక మాటే. మనిషి మాదిరి."

ఆ రోజుల నుంచి ఇంట్లో తెల్లవారడమే మారిపోయింది. పిన్నమ్మ ముగ్గేసి, కిరసనాయిలు స్టవ్ వెలిగించి పాలు పెట్టేది. అదే సమయానికి చిన్నాయన పెట్టె స్విచ్ వేసేవాడు. అది వేడెక్కాలి. అప్పటిదాకా శ్రుతి నిలవదు, మత్తులో ఉన్నట్టు పైకీ కిందికీ ఊగుతుంది. పాలు పొంగేలోపు దానికి నిద్ర తేరేది. ఈలోపు పిన్నమ్మ ఆయన పాత బనీను గుడ్డతో మెట్ల మీద దుమ్ము తుడిచేది, సందుల్లోకి రంగులు వేసే కుంచె పెట్టి దులిపేది. చలికాలంలో ఒకలా, ఎండాకాలంలో ఇంకోలా ఉండేది దాని స్వభావం. ఆత్మకూరు ఎండలకు మధ్యాహ్నాలు కరెంటు నీరసించి పోయేది, దానితోపాటే పెట్టె గొంతూ దిగిపోయేది. పిన్నమ్మ కిటికీకి తడిపిన గోనె కట్టేది. ఆ గోనె మీదుగా వచ్చే తడి వెలుతురులో చిన్నాయన ఒక చేత్తో వాయిస్తూ, రెండో చెయ్యి శ్రుతి మీట మీద ఉంచుకుని కూర్చున్న రూపం ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. కళ్ళు తెరిచి వెతికితే మాత్రం ఒక్క ఫోటో కూడా లేదు.

పిన్నమ్మ పాడుతుందని అందరికీ తెలుసు. ఆమె పాట వేరుగా విన్నవాళ్ళు మాత్రం లేరు. మా చర్చిలో నాలుగు గొంతులతో కీర్తన పాడే అలవాటు తాతల కాలం నుంచీ ఉంది. పిన్నమ్మది చిన్నప్పటి నుంచీ రెండో గొంతు, అసలు రాగానికి కింద నడిచేది. ఒక్కదాన్నే పాడమంటే ఆమెకు రాగం వచ్చేది కాదు. పక్కన ఎవరో ఒకరు పాడుతుండాలి. ఒకనాడు చిన్నాయన పెట్టె మీద ఒక కీర్తన వాయిస్తుంటే, సావడిలో పచ్చడి నూరుతున్న పిన్నమ్మ తనకు తెలియకుండానే రెండో గొంతు అందుకుంది. చిన్నాయన వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. ఆమె ఆగింది.

"ఆపబాక" అన్నాడు ఆయన, గోడకు ఇవతలి నుంచే. "నూరుతూనే పాడు."

ఆ ఆదివారం పెట్టెను చర్చికి తీసుకుపోయారు. మొదటి చరణం పెట్టె ఒక్కటే పలుకుతుంటే ముందు వరసలో సంఘపెద్ద ఒకాయన పక్కాయనతో గట్టిగానే అన్నాడు, "ఇదేంది, డబ్బాలో తేనెటీగ పడ్డట్టుండాది." ఆడవాళ్ళ వైపు నవ్వులు. రెండో చరణానికి పిన్నమ్మ లేచి నిలబడి కలిసింది. నవ్వులు ఆగిపోయాయి. రెండు గొంతులూ ఎక్కడ అతుక్కున్నాయో తెలియలేదు, పెట్టెకు ఊపిరి వచ్చినట్టు, ఆమెకు వయసు తగ్గినట్టు అనిపించింది. బయటికొచ్చేటప్పుడు అదే పెద్దాయన చిన్నాయన భుజం తట్టి, "తేనెటీగ అయినా పర్లేదు దేవదానం, సుగుణమ్మ పక్కన కూసోబెట్టు" అన్నాడు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళకు, చర్చి పండుగలకు పిలిచేవాళ్ళు. కొండాపురం, జలదంకి, ఇంకా నాకు పేర్లు గుర్తులేని ఊళ్ళు. సెలవులైతే నన్నూ తీసుకుపోయేవాళ్ళు. పందిట్లో బల్బులన్నీ వెలిగితే కరెంటు తగ్గి పెట్టె శ్రుతి మెల్లగా జారేది. చిన్నాయన మీట తిప్పేలోపే పిన్నమ్మ కూడా దానితోపాటు జారేది. ఇద్దరూ కలిసి జారితే జారినట్టు ఎవరికి తెలుస్తుంది? కూర్చున్నవాళ్ళు తలలూపేవాళ్ళు. తెల్లవారుతుండగా వ్యానులో తిరిగొచ్చేటప్పుడు పొగాకు చేల మీద మంచు పొగలా నిలబడి ఉండేది. నేను సగం నిద్రలో చూసేదాన్ని. సీటు మీద వాళ్ళిద్దరి మధ్య పెట్టె. గుంత వచ్చినప్పుడల్లా పిన్నమ్మ చెయ్యి ముందు దాని మీద పడేది, తర్వాతే తన తల మీది కొంగు సర్దుకునేది. ప్రపంచంలో ఇంతకంటే చేయాల్సింది ఏమీ మిగల్లేదన్నట్టుండేది ఆ ప్రయాణం.

అది ఎక్కువకాలం సాగలేదు. అన్ని వాయిద్యాలూ ఒక్కదాంట్లోనే పలికే కీబోర్డులు వచ్చాయి. మీట నొక్కితే తబలా, ఇంకోటి నొక్కితే వయొలిన్లు. పందిళ్ళవాళ్ళు అవే కావాలన్నారు. తర్వాత పందిళ్ళకు పాడేవాళ్ళే అక్కర్లేకపోయారు. వయసు మీద పడ్డాక ఇద్దరూ షాపు ఎత్తేసి, ఉదయగిరిలో మా తమ్ముడి ఇంటి పక్క గదుల్లోకి వచ్చారు. అప్పుడు కూడా చిన్నాయన పొద్దున్నే స్విచ్ వేసేవాడు, ఆమె పాలు పెట్టేది. ఆయన పోయాక పిన్నమ్మ పెట్టె మీద దుప్పటి కప్పింది. చర్చిలో పెదవులు మాత్రం కదిపేది.

ఇక మెర్సీ దగ్గరికి వస్తాను. మెట్టు తర్వాత మెట్టు నొక్కుకుంటూ పోతున్నదల్లా విసుక్కుంది.

"అత్తా, ఇది నిలకడగా లేదు. వేడెక్కేకొద్దీ శ్రుతి మారిపోతోంది. అన్నీ కంప్యూటర్లో సరిచేసుకోవాలి."

"సరిచేస్తే ఇంకేముందే? ఆ కదలికే దాని ప్రాణం."

"కదలిక కావాలంటే పెడతా. ఎంత కావాలో చెప్పు."

నాకు కోపం వచ్చింది. "మనిషి ఫోటో దగ్గరుంటే మనిషి ఉన్నట్టేనా? గొంతు తీసుకుని పెట్టెను పారేస్తామంటే ఎట్లా?"

మెర్సీ హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని నావైపు తిరిగింది. "నీ పుస్తకం చదవడానికి నువ్వు రాసిన కాయితాలే కావాలా అత్తా? అచ్చులో చదివినవాళ్ళు చదవనట్టా?"

లెక్చరర్ని కదా, వెంటనే ఏదో ఒక జవాబు చెప్పాలి. కుర్చీలో ముందుకు జరిగాను.

పిన్నమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అమ్మాయ్, నువ్వు గొంతు తీసుకున్నాక ఇంక ఈ పెట్టెతో పన్లేదా?"

"నాకు పన్లేదవ్వా. నువ్వు ఉంచుకో."

"నాకెందుకు? ఎవురన్నా తీసకపోండి." మంచం దిగి వచ్చి రేకు ముఖం మీద వేలు రాసి, అంటిన దుమ్ము నాకు చూపించింది. "మీ చిన్నాయన కొన్నాడు, వాయించినాడు. తుడిచింది నేను గదా. గోనెలు తడిపింది నేను, ఎలకల్ని తోలింది నేను. ఇంకా ఎన్నాళ్ళు పాపా?"

అరవై దాటిన నన్ను ఆమె ఇంకా పాపా అనే పిలుస్తుంది. నేను తలొంచుకున్నాను. ఆ పెట్టె మీద నాకున్న ప్రేమంతా ఏనాడూ దాన్ని తుడవనివాళ్ళ ప్రేమ అని ఆ వేలి చివర చూశాక గానీ అర్థం కాలేదు.

అన్నాలు తిన్నాక ఫ్యాను తిరుగుతుంటే మెర్సీ తన సంచిలోంచి చిన్న కీబోర్డు తీసి లాప్‌టాప్‌కు తగిలించింది. "అవ్వా, ఇప్పుడు విను" అని మా చర్చి కీర్తన ఒకటి మొదలుపెట్టింది. పెట్టె గొంతే, సందేహం లేదు. ఎదురుగా పెట్టె స్విచ్ ఆపేసి ఉంది, దాని గొంతు పక్క నుంచి వస్తోంది. అంతేకాదు, మెర్సీ పది వేళ్ళూ ఆడుతుంటే నాలుగు స్వరాలు ఒకేసారి పలికాయి. చిన్నాయన ఆ వానాకాలమంతా విప్పి విప్పి వెతికింది ఇదే కదా అని నా కళ్ళు తడిశాయి. ఆ సంతోషం పంచుకుందామని పిన్నమ్మవైపు చూశాను. ఆమె పెదవులు తెరుచుకుని ఉన్నాయి. రెండో గొంతు అందుకోబోయి, అది అప్పటికే పలుకుతుండటం విని, మెల్లగా మూసుకుంది.

పాట అయింది. "ఎట్టుందవ్వా?"

"బాగుండాది." కొంగు సర్దుకుని, "నాకే చోటు లేదు అందులో" అంది.

మెర్సీకి అర్థం కాలేదు. నాకు అయింది. పిన్నమ్మే చెప్పింది. "ఒక్కటే వాయించమ్మాయ్. పైది మాత్రం."

మెర్సీ ఒక్క వేలితో రాగం ఎత్తుకుంది. పిన్నమ్మ మంచం పట్టె పట్టుకుని, కళ్ళు మూసుకుని, కింద నుంచి అందుకుంది. ఆ గొంతు చీలిపోయి ఉంది, అందాల్సిన చోట అందలేదు, ఊపిరి చాలక మాటలు తెగాయి. అయినా రెండూ అతుక్కున్నాయి. ఎదురుగా ఉన్న పాత పెట్టెవైపు ఆమె ఒక్కసారి కూడా తిరగలేదు. లాప్‌టాప్‌లోంచి వచ్చే గొంతు ఆమెకు చాలింది. మెర్సీ మొహం మారిపోయింది. ఒక చేత్తో వాయిస్తూనే రెండో చెయ్యి రికార్డు చేసే మీట మీదికి పోనిచ్చింది. కళ్ళు మూసుకునే ఉందనుకున్న పిన్నమ్మ పాట ఆపింది.

"నన్ను పట్టబాక అందులో."

"ఎందుకవ్వా? ఎంత బాగుందో!"

"ఆ పెట్టెకు నోరు లేదు, కాబట్టి పట్టుకున్నావు. నాకుండాది గదా. కావాలంటే వచ్చి అడుగు, పాడతా."

మెర్సీ చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత చరణం పాడారు, దాని తర్వాతదీ పాడారు. ఎక్కడా ఏదీ రికార్డు కాలేదు. నేను ఇక్కడ రాస్తున్నాను గానీ, రాతలో పాట వినపడదని మీకూ తెలుసు.

పెట్టెను నేనే నెల్లూరు తెచ్చుకున్నాను. ఇప్పుడు పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేది నేను. సముద్రపు గాలికి మీటలు పట్టేస్తాయి, వానలకు రేకు చెమరుస్తుంది. నాకు వాయించడం రాదు. స్విచ్ వేసి, పాలు పొయ్యి మీద పెట్టి, ఒక మెట్టు నొక్కి వింటాను. అది కాసేపు ఊగి ఊగి నిలబడుతుంది. ఆత్మకూరులో ఆ వేడెక్కే సమయం రోజులో ఒక భాగం. దానికి తగ్గట్టు పాలు కాగేవి, ముగ్గు పడేది, ముగ్గురం ఒకచోట ఉండేవాళ్ళం. మెర్సీ లాప్‌టాప్‌లో దాని గొంతు తలుచుకున్న క్షణమే పలుకుతుంది, ఎదురుచూడాల్సిన పని లేదు. ఏది మేలని ఎవరైనా అడిగితే నా జవాబు రోజుకొకటి. సొంతం చేసుకోవడమంటే ఊడిగం చెయ్యడమని పిన్నమ్మకు ఎప్పుడో తెలుసు, నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. నడుము నొప్పి వచ్చిన రోజు మెర్సీ చెప్పిందే నిజమనిపిస్తుంది. లేని రోజు, కాదనిపిస్తుంది.

మెర్సీ ఆ గొంతును ఇంటర్నెట్‌లో అందరికీ ఊరికే ఇచ్చేసింది. దానికి "ఆత్మకూరు" అని పేరు పెట్టింది. ఏ దేశంలోనో, అది ఒక ఊరని కూడా తెలియని ఒకాయన ఆ గొంతుతో ఒక పాట కట్టి పంపాడట. పోయిన నెల ఉదయగిరి వెళ్ళినప్పుడు పిన్నమ్మకు ఫోనులో వినిపించాను. మాటలు లేని పాట, రాగం మాది కాదు, అయినా నడక నెమ్మది. ఆమె చింతపండులో గింజలు తీస్తూ, ఫోను చెవికి దగ్గరగా పెట్టించుకుని చివరిదాకా వింది.

"ఎవురో బిడ్డ బాగా వాయించినాడు" అంది. "మీ చిన్నాయన అయితే ఒకచోట ఇంకొంచెం ఆగుండేవాడు."

"ఎక్కడ పిన్నమ్మా?"

"మళ్ళీ పెట్టు, చెప్తా."

మళ్ళీ పెట్టాను. రాగం పైకెక్కి, అక్కడి నుంచి దిగబోయే చోట పిన్నమ్మ చింతపండు అంటిన చెయ్యి పైకెత్తింది, కొంచెం ఉండు అన్నట్టు. పాట ఉండలేదు, దిగి వెళ్ళిపోయింది. ఆమె చెయ్యి మాత్రం కాసేపు అక్కడే ఆగింది.